అమ్మ మొహం మీది నీడ

మచిలీపట్నం,
22–2–79

సుబ్రహ్మణ్యానికి,

మీ క్షేమం సంగతి చివర్న అడుగుతాను. ముందు ఫొటో సంగతి.

నిన్న సాయంత్రం కాలేజీ నుంచి వచ్చేసరికి నీ కవరు గడప దగ్గర పడి ఉంది. చెప్పులు కూడా విప్పకుండా చించాను. మోపిదేవిలో చంటాడి పుట్టువెంట్రుకలు తీయించిన రోజు ఫొటోలు. గుండు మీద గంధంతో మీవాడు దివ్యంగా ఉన్నాడు. మీ సత్యవతి బాగుంది. బాబాయి కండువా మడతలు ఒక్కొక్కటీ కనపడుతున్నాయి. వెనక గోడ మీద సున్నం పెచ్చు ఊడిన చోటు కూడా కనపడుతోంది. మనవణ్ణి ఒళ్లో కూచోబెట్టుకున్న అమ్మకి మాత్రం మొహం లేదు. ముసుగు అంచు దగ్గర మొదలైన నీడ పెదవుల దాకా దిగింది. దాని కింద ఒక గడ్డం. అంతే.

నువ్వు ఫొటోలు తీసి బతుకుతున్నవాడివి. గుమాస్తా ఉద్యోగం వదిలేసి గుడివాడలో స్టూడియో పెడతానన్ననాడు ఇంటిల్లిపాదీ నిన్ను తిడితే నేనొక్కదాన్నే నీ పక్కన మాట్లాడాను. పరాయివాళ్ల పెళ్లికూతుళ్లని చందమామల్లా చూపిస్తావు. కన్నతల్లి మొహానికి వచ్చేసరికి మసి పూశావు.

అమ్మకి అరవై దాటాయి. ఇంతవరకూ ఆవిడకంటూ ఒక్క ఫొటో లేదు. పెళ్లిలో తీయలేదు. నాన్న పోయాక తీసే ప్రశ్నే రాలేదు. ఇరవై రెండేళ్లకే తల గొరిగించి తెల్ల పంచె కట్టించిన మనిషిని కెమెరా ముందు కూచోమని ఎవరడుగుతారు? అడిగినా ఆవిడ కూచుంటుందా? మోపిదేవిలో మనవడు ఒళ్లో ఉన్నాడు కాబట్టి లేవలేక కూచుంది. "వాడికీ నాకూ ఒకటే క్షవరం, తియ్యరా" అని నవ్వింది కూడా. ఆ నవ్వు నేను చూశాను. నీ ఫొటోలో లేదు.

మిట్టమధ్యాహ్నం ఎండలో మొహాల మీద నీడలు పడతాయని నీకు తెలియదా? పడినవాటిని తీసెయ్యడం మీ స్టూడియోలో రోజూ చేసే పనే కదా. ఏం చేస్తావో నాకు తెలియదు. అమ్మ మొహం కనపడాలి.

ఇంతా రాశాక ఒక సందేహం. ఈ ఫొటో కావాలని అమ్మ ఎప్పుడూ అడగలేదు. కావలసింది నాకు. ఆవిడ కోసం కోప్పడుతున్నానా, నా కోసమా? ఆడపిల్లలకి క్లాసులో తర్కం చెప్పి ఇంటికొచ్చాక నా కోపానికి కారణాలు నేనే వెతుక్కుంటూ కూచుంటానని నీకు నవ్వులాట. నవ్వుకో. పని మాత్రం చెయ్యి.

మోపిదేవి నుంచి వస్తూనే చంటాడికి పొంగు పోసిందని అమ్మని మీతో తీసుకెళ్లారు. తగ్గుముఖం పట్టిందా? వాడు తేరుకునేదాకా ఆవిణ్ణి అక్కడే ఉంచుకో. ఇక్కడ ఇల్లు బోసిగానే ఉంది. అయినా ఉంచుకో.

కోపంతో,
అక్కయ్య


గుడివాడ,
27–2–79

అక్కయ్యకి నమస్కారాలు.

నీ ఉత్తరం సత్యవతి పైకి చదివింది. ఈ ఇంట్లో ఉత్తరాలన్నీ ఆవిడే చదువుతుంది, నేను డార్కురూములో ఉండి వింటాను. ఈసారి చీకట్లో ఉన్నందుకు సంతోషించాను.

ఫొటో తీసింది నేనే. మధ్యాహ్నపు ఎండ మాత్రం నేను పెట్టింది కాదు. పురోహితుడు ఆ వేళే బాగుందన్నాడు. సూర్యుడు నడినెత్తిన ఉంటే కనుబొమల కిందా ముక్కు కిందా అందరికీ నీడ పడుతుంది. ఇంకో ఫొటోలో నీ మొహం చూసుకో, మీసం వచ్చినట్టు లేదూ? అమ్మకి దానికితోడు ముసుగు. "అమ్మా, ఒక్క వేలు వెనక్కి" అన్నాను. ఆవిడ చెయ్యెత్తింది కూడా. పక్కనుంచి బాబాయి దగ్గాడు. అది జలుబు దగ్గు కాదని నీకూ తెలుసు, నువ్వు నా వెనకే ఉన్నావు. అమ్మ చెయ్యి దిగిపోయింది. నేను మీట నొక్కాను. ఇప్పుడు ఇన్ని పేజీలు రాసినదానివి అప్పుడొక్క మాట అనవేం?

సరే, నీడ విషయం. నీడ తియ్యడమంటే బల్ల మీద దుమ్ము తుడవడం కాదు. నెగటివ్‌లో నలుపూ తెలుపూ తారుమారుగా ఉంటాయి. నీడ పడ్డచోట ఫిల్ము ఉత్త గాజులా ఉంటుంది. అక్కడ సూదిమొనలా చెక్కిన పెన్సిలుతో చుక్కలు పెట్టుకుంటూ పోతే ప్రింటులో ఆ మేర తెల్లబడుతుంది. మా హిదాయతుల్లా ఆ పనివాడే. తుఫాను తరవాత ఏడాది పొడుగునా దివిసీమ వాళ్లు తెచ్చిన ఫొటోలన్నీ అతనే చేశాడు. ఏ పెళ్లి గుంపులోనో వెనక వరసలో నిలబడ్డ మనిషిని, సగం మొహం నీడలో ఉన్న మనిషిని విడదీసి, పెద్దది చేసి, జుట్టు దిద్ది, బొట్టు పెట్టి, దండ వేసుకోడానికి వీలుగా ఇచ్చేవాడు. చాలామందికి ఇంట్లోవాళ్లవంటూ అవే మిగిలాయి.

కానీ ఒక మాట. కొంచెమైనా వెలుతురు పడ్డచోట ఉన్నదాన్ని పైకి తేవచ్చు. బొత్తిగా పడనిచోట తేవడానికి ఏమీ ఉండదు, ఊహించి పెట్టాలి. అమ్మ నుదురూ కళ్లూ ఆ రెండో రకం. ఊహించమంటావా?

చంటాడు నయం. అమ్మ పొద్దున్నంతా వాడితోనూ, మధ్యాహ్నం వాడు పడుకున్నాక స్టూడియో వెనక వరండాలోనూ కాలక్షేపం చేస్తోంది. హిదాయతుల్లా ఫొటోలు దిద్దే వాలుబల్ల అక్కడే. అతని రంజాను కబుర్లూ ఈవిడ ఏకాదశి కబుర్లూ.

నీ తమ్ముడు,
సుబ్రహ్మణ్యం


మచిలీపట్నం,
4–3–79

సుబ్రహ్మణ్యానికి,

మీసం చూసుకున్నాను. మా ప్రిన్సిపాలుగారికి చూపిస్తే రెండు రోజులు నవ్వుతారు కాబట్టి దాచేశాను.

దగ్గు విన్నాను. మాట్లాడలేదు. నలుగురిలో రభస ఎందుకనుకున్నాను. ఇంటికొచ్చాక అనుకోవలసిన మాటలన్నీ వరసగా తోచాయి. నాకెప్పుడూ అంతే.

నువ్వడిగినదానికి జవాబు: ఊహించవద్దు. ఉన్నది ఎంత ఉంటే అంతే తెండి. లేనిది పెట్టవద్దు. మొహం మసకగా ఉన్నా ఫరవాలేదు, అమ్మది అయితే చాలు. ఈ ముక్క హిదాయతుల్లాగారికి స్పష్టంగా చెప్పు.

ఇలా ఆజ్ఞ జారీ చేసి, ఆయనకి ఆనవాలుగా పనికొస్తుందని అమ్మ మొహం వర్ణించి రాద్దామనుకున్నాను. ఎడమ చెంప మీద చిన్న పుట్టుమచ్చ. గడ్డం కొస కొంచెం చదును. నుదురు దగ్గరికి వచ్చేసరికి కలం ఆగిపోయింది. వెడల్పా? గుండ్రమా? ఆలోచించినకొద్దీ ముసుగే గుర్తొస్తోంది. ఆ మనిషితో ఒకే కప్పు కింద ఇన్నేళ్లు ఉన్నాను. ఆవిడ చేతి కాఫీ తాగి రోజూ కాలేజీకి వెళ్తున్నాను. నుదురెలా ఉంటుందో తెలియదు. నీకు తెలుసా? మనకి తెలియనిదాన్ని ఎవరో ఊహించి పెడితే అది సరిగ్గా ఉందని ఎలా చెప్తాం?

అందుకే మళ్లీ రాస్తున్నాను. ఊహించవద్దు.

అక్కయ్య


గుడివాడ,
20–3–79

అక్కయ్యకి,

మా వీధి కాంతారావుగారు కోర్టు పని మీద బందరు వస్తున్నారు. ఆయన చేతికిచ్చి అమ్మ ఎన్‌లార్జిమెంటు అట్టల మధ్య పెట్టి పంపుతున్నాను. మొవ్వలో పెళ్లి, అక్కణ్ణించి పామర్రులో ఇంకోటి. నేను ఇంటిపట్టున లేను. హిదాయతుల్లానే పూర్తిచేసి, ఆరబెట్టి, కట్టి సిద్ధంగా ఉంచాడు. విప్పి చూద్దామంటే "బాగా కట్టానండీ, మళ్లీ విప్పితే మూలలు వంగిపోతాయి" అన్నాడు. అతని పని మీద నాకు నమ్మకం. నువ్వే ముందు చూడు.

అమ్మ ఇంకో పదిహేను రోజులు ఉంటానంది. చంటాడు వదలడం లేదు.

సుబ్రహ్మణ్యం


మచిలీపట్నం,
24–3–79

సుబ్రహ్మణ్యానికి,

కాంతారావుగారు వచ్చిన వేళకి బాబాయి మనింట్లో పడకకుర్చీలో కూచుని పేపరు చదువుతున్నాడు. "ఏమిటమ్మా అది?" అన్నాడు. "అమ్మ ఫొటో, బాబాయ్" అని గర్వంగానే చెప్పి, ఆయన ఎదుటే దారం కోశాను.

అట్టలు విడదీసి ఫొటో వెలుతురులోకి తిప్పాను.

నూనె పెట్టి నున్నగా దువ్విన నల్లటి జుట్టు. మధ్యలో పాపిట. చెవుల దగ్గర ముంగురులు. నుదుటి మీద గుండ్రంగా ఇంత బొట్టు. ముసుగు లేదు. చీరకి అంచు కూడా ఉంది. పాతికేళ్ల ముత్తైదువ ఎవరో నవ్వీనవ్వనట్టు నాకేసి చూస్తోంది. గడ్డం మాత్రం అమ్మది.

ఏమిటిది? నేను రెండుసార్లు రాశాను. లేనిది పెట్టవద్దన్నాను. నీ స్టూడియోలో ఎవరికైనా తెలుగు చదవడం వచ్చా? నాకు అర్థమైంది చెప్పనా? ఏడాది పొడుగునా తుఫానులో పోయినవాళ్లకి జుట్టూ బొట్టూ దిద్ది, అదే అలవాటులో అమ్మకీ దిద్దేశారు. మీకు పెద్దావిడ ఫొటో అంటే గోడకి తగిలించే ఫొటోయే. మా అమ్మ బతికే ఉంది. మీ వరండాలోనే కూచుని ఉంది. ఒక్కసారి తలతిప్పి చూస్తే చాలు.

బాబాయికి మాట నాకంటే ముందొచ్చింది. "ఇది నువ్వు చేయించిందే. పోయిన మా అన్నయ్యని వెక్కిరించడానికి చేయించావు. నీ చదువు ఇంతకి తెచ్చింది" అన్నాడు. కాదని చెప్పాను. "అయితే ఆ సాయిబు చేతిలో పెట్టారా మా వదిన మొహాన్ని? వాడికేం తెలుస్తుంది?" అన్నాడు. ఆ మాటకి ఇంకా మండిపోయాను. ఈ జిల్లాలో మన ఆడవాళ్లకి మొగుడు పోతే ఏమేం తీసేస్తారో తెలియనివాడు ఏ మతంలోనూ లేడు. హిదాయతుల్లాగారు తప్పు చేస్తే పనివాడిగా చేశాడు. ఆ ముక్క బాబాయి మొహం మీదే అన్నాను. ఆయనకి నచ్చలేదు.

"చింపి పొయ్యిలో పెట్టు" అన్నాడు. "అదే చేస్తాను" అన్నాను. ఫొటో రెండు చేతుల్లోకీ తీసుకున్నాను. అప్పుడు స్ఫురించింది, ఒక విషయంలో బాబాయీ నేనూ ఒకే పక్కన నిలబడటం నా జన్మలో ఇదే మొదలని. చెయ్యి ఆగిపోయింది. ఆయన కోరిందీ నేను కోరిందీ ఒకటే ఎలా అయింది? ఇద్దరిలో ఒకరి కోపం తప్పు అయి ఉండాలి. నాది కాదని రుజువు చేసుకోలేకపోయాను.

చింపలేదు. బీరువాలో బట్టల అడుగున పెట్టాను. ఈ ఘనకార్యం అమ్మకి తెలియనివ్వకు. తన నెత్తిన పరాయి జుట్టు చూసుకుని ఆవిడ ఏమైపోతుంది? నువ్వు ఈ ఉత్తరం అందిన రోజే ఆయన్ని పిలిచి అడుగు. నాకు సంజాయిషీ కావాలి.

రాజ్యలక్ష్మి


గుడివాడ,
28–3–79

అక్కయ్యకి,

"రాజ్యలక్ష్మి" అని సంతకం చేశావు. సరే, నేను మీ కాలేజీ వాళ్లకి రాస్తున్నట్టే రాస్తాను.

హిదాయతుల్లాని అడిగాను. అడగడం కాదు, తిట్టాను. షాపునిండా జనం ఉన్నారు, ఎస్సెల్సీ పిల్లల ఫొటోలకి. అందరి ముందూ తిట్టాను. అంతకుముందు రోజే బాబాయి దగ్గర్నుంచి నాకు కార్డు వచ్చింది, అందులో ఏమేం మాటలున్నాయో నువ్వు ఊహించుకో. ఆ వేడీ ఈ వేడీ కలిసి అతని మీద పడింది. "అమ్మగారికి బొట్టు పెట్టడానికి నువ్వెవరు?" అన్నాను. అతను ఒక్క మాట తిరగబడలేదు. కుంచె కడిగి, గుడ్డకి తుడిచి, డబ్బాలో పెట్టాడు. వెళ్తూ వెళ్తూ, "మీ అక్కగారు తర్కం చెప్తారటగా. ఆ నీడలో ఏముందో ఆవిణ్ణే వచ్చి గీయమనండి" అన్నాడు. అంతే. మళ్లీ రాలేదు. నెగటివ్‌లు కుప్పలు పడి ఉన్నాయి.

ఇంక నీ వంతు. "ఏం చేస్తావో నాకు తెలియదు. అమ్మ మొహం కనపడాలి." ఇది ఎవరి వాక్యం? నీ మొదటి ఉత్తరంలోది. అతనికి నేను చదివి వినిపించింది ఆ ఉత్తరమే. రెండోది వచ్చిన వేళకి నేను మొవ్వ బస్సులో ఉన్నాను. ముందు ఒకటి కావాలంటావు, తరవాత సందేహం వచ్చిందంటావు, ఆ తరవాత వద్దంటావు. నీ సందేహాలన్నీ తీరేదాకా ఎవరూ పెన్సిలు పట్టుకోకూడదంటే ఈ లోకంలో ఒక్క ఫొటో బయటికి రాదు.

అన్నిటికంటే కష్టం అమ్మది. ఆ గొడవ జరిగినప్పణ్ణించీ నాతో మాట్లాడటం లేదు. అన్నం ముందు కూచుని లేచిపోతోంది. నిన్న "ఏమిటమ్మా?" అంటే, "నీ మొహం చూడబుద్ధి కావడం లేదురా" అంది. ఫొటో సంగతి ఆవిడకి తెలిసిపోయింది, సందేహం లేదు. నేను చెప్పలేదు. సత్యవతి చెప్పలేదు. నువ్వు గానీ బాబాయి గానీ ఎవరిచేతనైనా కబురు పెట్టారా?

సుబ్రహ్మణ్యం


మచిలీపట్నం,
2–4–79

తమ్ముడూ,

నేను ఎవరికీ చెప్పలేదు. అయితే బాబాయే అనుకుని గొడుగు తీసుకుని ఈడేపల్లిలో ఆయనింటికి వెళ్లాను. ఆయన భోజనం చేసి పడుకోబోతున్నాడు. "అమ్మకి ఎందుకు చెప్పారు? ఆవిడ అన్నం మానేసి ఏడుస్తోంది, మీకు చల్లగా ఉందా?" అన్నాను. ఆయన తెల్లబోయి, "నేను మీ తమ్ముడికి రాశానే గానీ వదినకి రాయలేదమ్మా. ఆవిడకి ఎలా రాస్తాను?" అన్నాడు. అబద్ధం చెప్పే మనిషి కాదు. మంచినీళ్లు తాగి వచ్చేశాను. ఇన్నేళ్లుగా ఆయనతో దెబ్బలాడాలని దాచుకున్నదంతా ఆయన చెయ్యని పనికి ఖర్చు పెట్టాను.

హిదాయతుల్లాగారిని జనంలో తిట్టమని నేను రాయలేదు. సంజాయిషీ అడగమన్నాను. రెండింటికీ తేడా నీకు తెలియదంటే నమ్మను. తిట్టి, ఆ తప్పు నా వాక్యానికి తగిలించావు. నాకు ఆయన మీద కోపం ఉంది. నువ్వు చేసిన పనితో ఆ కోపం పడే హక్కు కూడా పోయింది. వెంటనే ఇంటికి వెళ్లి పిలుచుకురా.

నా మటుకు నేను ఒక నిర్ణయానికి వచ్చాను. ఆ ఫొటో ఇంట్లో ఉన్నంతకాలం ఈ మంట ఆరదు. అమ్మ వచ్చేలోపల చింపేస్తాను. ఆవిడ ఇన్నేళ్లు ఎంత నిష్ఠగా బతికిందో, దాన్ని మనం ఒక్క కుంచె దెబ్బతో ఎంత హేళన చేశామో తలుచుకుంటే నాకు నిద్ర పట్టడం లేదు. ఆవిడ కాళ్లు పట్టుకుందామన్నా ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు.

నిష్ఠ అని రాశాను. అది ఆవిడ నిష్ఠో, ఆవిడ చేత చేయించినదో నేనెప్పుడైనా అడిగానా? ఏమో. ఇప్పుడు అడిగే సమయం కాదు.

అక్కయ్య


గుడివాడ,
9–4–79

అక్కయ్యా,

ఫొటో చింపలేదు కదా? చింపకపోతే చింపకు. చింపేస్తే ఆ సంగతి నాకు రాయకు, నువ్వే అమ్మకి చెప్పుకో.

హిదాయతుల్లా ఇంటికి వెళ్లాను. అతను మసీదుకి వెళ్లాడట. అతని భార్య హలీమా గుమ్మంలో బియ్యం ఏరుతోంది. పీట కూడా వెయ్యలేదు. "ఇప్పుడొచ్చారా అన్నా? మీ అమ్మగారు మొన్ననే వచ్చి వెళ్లారుగా" అంది. నాకు అర్థం కాలేదు. మన అమ్మ, గుడికి తప్ప గుమ్మం దాటని మనిషి, మధ్యాహ్నం ఎండలో ముసుగు దించుకుని, దారి అడుక్కుంటూ వాళ్లింటికి ఒక్కతే నడిచివెళ్లిందట. "నా మూలంగా మాటపడ్డావు నాయనా" అందట అతనితో.

హలీమా చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. నేను మొవ్వలో ఉండగా హిదాయతుల్లా ఫొటో పని మొదలుపెట్టాడు. పెదవులూ ముక్కూ వచ్చాయి. పైన ఏమీ రాలేదు. అమ్మ పక్కనే కూచుని ఉందిగా. "ఇక్కడ ఫిల్ము ఖాళీ అమ్మగారూ. ఏం పెట్టమంటారు?" అన్నాడట. "నాకేం తెలుసు నాయనా. నేను మాత్రం చూసుకున్నానా?" అందట అమ్మ. ఇద్దరూ నవ్వుకున్నారట. మర్నాడు వచ్చి కూచుని, ఆవిడే మొదలుపెట్టిందట. జుట్టు చెవుల మీదకి ఇలా ఉండేది. పాపిట తిన్నగా తీసినా కొసకి కుడివైపు వంకర పోయేది, అక్కడ సుడి ఉంది. బొట్టు కొంచెం పెద్దదే పెట్టుకునేదాన్ని, మా అత్తగారికి అది గిట్టేది కాదు. ఇలా చెప్తుంటే అతను దిద్దుకుంటూ పోయాడట. "వంకర మాత్రం సరిచేశాను, బాగుండదని" అన్నాడట అతను. దానికి అమ్మ ఒప్పుకోలేదు, అప్పటికే రంగు ఆరిపోయిందట.

అయ్యాక, "నేను చెప్పానని ఎవరితోనూ అనకు" అందట. అందుకే అన్ని తిట్లు తిన్నా అతను నోరు విప్పలేదు. నేను జనం ముందు అరుస్తున్నప్పుడు అమ్మ తలుపు వెనకే నిలబడి ఉంది.

ఇంటికొచ్చి అమ్మ ముందు కూచున్నాను. ఆవిడే అంది. ఆ మాటలు నీకూ చెందుతాయి కాబట్టి పంపుతున్నాను. "మీ ఉత్తరాలు సత్యవతి చదువుతుంటే వంటింట్లో వింటూనే ఉన్నాను. నా మొహం గురించి అక్కా తమ్ముడూ కొట్టుకు చచ్చారు. మధ్యలో మీ బాబాయి, ఆ రాధాకృష్ణ ఒకడు. దానికి నీడ ఉండాలా అక్కర్లేదా, జుట్టు ఉండాలా అక్కర్లేదా అని. నన్నొక్కళ్లు అడిగారుటరా? నేను చచ్చిపోయాననుకున్నారా?"

సత్యవతి పక్కకి తిరిగి నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

అమ్మ బుధవారం బస్సుకి వస్తానంటోంది. నన్ను దిగబెట్టవద్దట. కండక్టరుకి చెప్పి కూచోబెడతాను, నువ్వు బస్టాండుకి రా.

సుబ్రహ్మణ్యం


మచిలీపట్నం,
23–4–79

తమ్ముడూ,

ఫిల్ము రోలు హిదాయతుల్లాగారే స్వయంగా తెస్తున్నారు. రాత్రి ఇక్కడే చుట్టాలింట్లో ఆగారు, ఈ ఉత్తరం కూడా ఆయన చేతికే ఇస్తున్నాను. నిన్ను ఎందుకు రావద్దందో అమ్మ నాకు చెప్పలేదు. "వాణ్ణి కొన్నాళ్లు అలా ఉండనీ" అంది. నువ్వూ అలాగే ఉండు.

బస్సు దిగి ఇంటికి రాగానే, కాళ్లయినా కడుక్కోకుండా "ఏదే అది?" అంది. బీరువాలోంచి తీసిచ్చాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చాలాసేపు చూసింది. నేను వెనక నిలబడి, ఏడుస్తుందేమో పట్టుకుందామని సిద్ధంగా ఉన్నాను. "కళ్లు నావి కావు" అంది చివరికి. "ఈ కళ్లు హలీమావి. అతనికి రోజూ కనపడేవి అవేగా." ఫొటో ఇంకా దగ్గరగా పెట్టుకుంది. "ఎలా ఉండేదాన్నో చూద్దామనిపించిందే. చూశాను. ఇది నేను కాదు" అంది. "ఇప్పుడున్నది తియ్యమను. అతన్ని రమ్మను."

ఆ మర్నాడు నెలవారీ క్షవరానికి వెంకట్రామయ్య వస్తే పెరటి గుమ్మంలోనే ఆపి, ఈ నెల అక్కర్లేదని పంపేసింది. అడగాలని నోటిదాకా వచ్చినవన్నీ మింగాను. ఇన్ని ప్రశ్నలు అడిగే మనిషికి ఈ ఒక్క ప్రశ్న అడక్కుండానే జవాబు దొరికింది.

కార్డు రాస్తే నిన్న ఆదివారం పొద్దున్నే మొదటి బస్సుకి హిదాయతుల్లాగారు దిగారు. ఎండ ముదరకముందే డాబా మీద కుర్చీ వేయించారు. "ఎండకి వీపు పెట్టండి అమ్మగారూ, మొహం మీద నీడ పడితే నీడంతా ఒక్కలాగే పడుతుంది. దాన్ని మనం పోగొడదాం" అన్నారు. దండెం మీద అమ్మ పంచె ఆరుతోంది. అది పట్టుకుని అమ్మకి ఎదురుగా నిలబడమన్నారు నన్ను. "మీరే పట్టుకోవాలి టీచరుగారూ, నేను ముట్టుకుంటే మడి పోతుందిగా" అని ఒక పోటు కూడా పొడిచారు. "నువ్వు ముట్టుకో నాయనా, తరవాత తడుపుకుంటాను" అంది అమ్మ. "వద్దులెండి. తర్కం చెప్పేవారి చేత గుడ్డ పట్టించానని గుడివాడలో చెప్పుకోవాలి" అన్నారు. క్షమించమని అడగడానికి నేను రాత్రి తయారుచేసుకున్న వాక్యం ఆ మాటతో పనికిరాకుండా పోయింది.

పంచె చాచి పట్టుకున్నాను. ఎండ దాని మీద పడి తిరిగి అమ్మ మీదకి వెళ్లింది. మొహమంతా మెల్లగా తెల్లవారినట్టు తేటపడింది. అప్పుడు అమ్మ ముసుగు వెనక్కి తోసేసింది. ఒక వేలు కాదు, మొత్తం.

తలనిండా చిన్నచిన్న తెల్ల వెంట్రుకలు మొలిచి ఉన్నాయి. నుదురు వెడల్పు, తమ్ముడూ. ముసుగు కింద ఎండ తగలక మిగతా మొహం కంటే పసుపుగా, లేతగా ఉంది. మొహంలో ఆ భాగానికి ఒక్కదానికే వయసు రాలేదు. జుట్టు మొదలయ్యేచోట కుడివైపు సుడి. రోజూ పొద్దున్న అద్దం ముందు నేను తిట్టుకునే సుడి అదే.

నా చేతులు నొప్పిపుట్టి పంచె కిందికి జారితే హిదాయతుల్లాగారు కసిరారు. సరిగ్గా ఆ సమయానికి మెట్ల మీద దగ్గు వినపడింది. బాబాయి. ఆదివారం పేపరు కోసం వచ్చి, కింద ఎవరూ లేకపోతే పైకి వచ్చేశాడు. వచ్చి, అమ్మని చూసి, అక్కడే, ఆవిడ కుర్చీ వెనకే నిలబడిపోయాడు. సూర్యుడికి అడ్డంగా. పంచె మీద ఆయన తలా కండువా నీడగా కనపడ్డాయి. అమ్మ మొహం మళ్లీ మసకబారింది.

అమ్మ చెయ్యి ముసుగు కోసం వెళ్తుందని చూశాను. వెళ్లలేదు. ఒళ్లోనే ఉంది. ఈసారి నేను మాట్లాడబోయాను, నోరు కూడా తెరిచాను. నా అవసరం పడలేదు.

"రాధాకృష్ణా, కాస్త పక్కకి జరుగు. వెలుతురుకి అడ్డంగా ఉన్నావు" అంది, వెనక్కి తిరగకుండానే. కూరలో ఉప్పు సంగతి చెప్పినట్టు చెప్పింది.

బాబాయి ఏదో అనబోయాడు. "వదినా, ఇన్నేళ్లూ..." అన్నాడు. అమ్మ కెమెరాకేసే చూస్తోంది. ఆయన జరిగాడు. హిదాయతుల్లాగారు మీట నొక్కారు.

దీని మీద పెన్సిలు పెట్టవలసిన పని లేదని ఆయనే అన్నారు. పెట్టించకు. ముడతలు ముడతలుగా, పుట్టుమచ్చ పుట్టుమచ్చగా రావాలి. ఈ ఆజ్ఞ నాది కాదు, అమ్మది. ఈసారి అడిగి రాస్తున్నాను.

నా కోపం పోలేదు. బాబాయి మీదనుకుంటే ఆయన పాపం మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుని దిగాడు. ఆనాడు తల గొరిగించిన తాతయ్య మీదనుకుంటే ఆయన పోయి ఎన్నేళ్లో. నీ మీదా నా మీదా కొంత పంచినా ఇంకా చాలా మిగులుతోంది. ఆ నుదుటిని ఇన్నేళ్లు దాచి ఉంచినవాళ్లలో ఎవరూ నిలబడి జవాబు చెప్పే స్థితిలో లేరు. అది మరీ కోపంగా ఉంది.

రాత్రి అన్నాలయ్యాక, ఆ కుంచె వేసిన ఫొటో బల్ల మీదే ఉంటే, దీన్నేం చెయ్యమంటావని అమ్మని అడిగాను. నీ అసలు ఫొటో వస్తుంది కదా, ఇది చింపెయ్యనా అన్నాను.

అమ్మ దాన్ని నా చేతిలోంచి తీసుకుంది. కొంగుతో దాని మీద దుమ్ము తుడిచింది.

"ఆ పిల్లేం చేసిందే, చింపడానికి?" అంది.

అక్కయ్య